కవిత, నైరూప్య చిత్రం కలిసిన ప్రింట్ కొంటున్నారా? ఏ రకం అచ్చు ఎవరికి సరిపోతుంది

చిత్రం అదే, కవితా అదే. ఒకచోట "జిక్లే, 100 కాపీలు" అని ఉంటుంది, ఇంకోచోట "స్క్రీన్ ప్రింట్, 40 కాపీలు", మరోచోట "లెటర్‌ప్రెస్ అక్షరాలు, 25 కాపీలు". ధరలో రెండు మూడింతల తేడా. ఫోన్‌లో చూస్తే మూడూ ఒకేలా కనిపిస్తాయి. ఏది తీసుకోవాలో తెలియక ఎక్కువమంది రంగులు బాగా వచ్చిన ఫొటోను చూసి నిర్ణయించేస్తారు.

ఈ రకం ప్రింట్‌కు ఆ పద్ధతి పనికిరాదు. కొనేది చిత్రాన్ని చూసే అయినా, గోడకు పెట్టాక మళ్ళీ మళ్ళీ దగ్గరికి వెళ్ళి చూసేది కవితనే. నైరూప్య చిత్రంలో నీలం ఒక పిసరు తగ్గినా, అంచు కాస్త మెత్తబడినా చిత్రం నిలబడుతుంది. అక్షరం చెదిరితే మాత్రం కవితే మారిపోతుంది. కాబట్టి ముందు అక్షరాన్ని చూడండి, తరవాత కాగితం, సిరా. ఆ తరవాతే కాపీల సంఖ్య, చివరికి ధర.

## దేన్ని బట్టి పోల్చాలి

అక్షరం నిలుస్తుందా? "అర్థం" అనే మాట తీసుకోండి. ర కింద వత్తుగా థ వస్తుంది, దాని కడుపులో ఒక చుక్క ఉంటుంది. చుక్క ఉంటే అర్థం. చుక్క ఎగిరిపోయినా, సిరాతో మూసుకుపోయినా అది అర్ధం, అంటే సగం. 14 పాయింట్ల అక్షరాల్లో ఆ చుక్క చాలా ఫాంట్లలో పావు మిల్లీమీటరు కూడా ఉండదు. తెలుగు అచ్చుకు అసలు పరీక్ష ఇదే. మన లిపిలో వత్తులు సగం సైజులో కిందికి దిగుతాయి, సున్నలు లోపల ఖాళీతో నిలబడాలి, ప ను ఫ చేసేది, డ ను ఢ చేసేది కింద ఉండే చిన్న గీత. రోమన్ అక్షరాల కోసం పెట్టుకున్న కనీస సైజులు మనకు చాలవు. ఏ పద్ధతిని చూస్తున్నా "ఇందులో ఆ చుక్క బతుకుతుందా?" అని అడుగుతూ పోండి.

కవిత ఎక్కడుంది, ఎలా ఉంది? ఇందులో నాలుగు రకాలు. చిత్రం బయట తెల్లటి అంచులో నల్ల సిరాతో ఉండేది అన్నిటికంటే సులువు. రంగు మీద నలుపుతో అచ్చైనది మధ్యస్థం. ముదురు రంగులో అక్షరాల మేర కాగితం వదిలేసి తెల్లగా కనబడేలా చేసేది, అంటే రివర్స్ అక్షరాలు, అన్నిటికంటే కష్టం. చుట్టూ ఉన్న సిరా లోపలికి పాకి అక్షరం సన్నబడుతుంది. నాలుగోది కవి సొంత దస్తూరీ. దానికి నప్పే పద్ధతులే వేరు.

చిత్రంలో రంగులు ఎలా ఉన్నాయి? ఒక రంగు ఇంకో రంగులోకి మెల్లగా కరిగిపోతుందా, లేక ఎక్కడికక్కడ తెగినట్టు నిండు రంగు మైదానాలా? మొదటిదానికి ఇంక్‌జెట్, రాతి అచ్చు, రెండోదానికి స్క్రీన్.

కాగితం, సిరా ఎంతకాలం ఉంటాయి? నూరు శాతం నూలు కాగితం, ఆమ్లం లేనిది, 250 నుంచి 310 జి.ఎస్.ఎం. (చదరపు మీటరుకు గ్రాములు) బరువు ఉంటే మంచిది. సిరా పిగ్మెంట్‌దై (కరగని రంగు నలుసులది) ఉండాలి, డై (కరిగే రంగు) కాకూడదు. తెల్లగా మెరిసే కాగితం కంటే కాస్త పాలమీగడ రంగులో ఉన్నదే నమ్మదగినది. మిలమిల తెలుపు చాలాసార్లు బ్రైటెనర్ రసాయనం వల్ల వస్తుంది, కొన్నేళ్ళకు అది చచ్చిపోయి కాగితం పసుపెక్కుతుంది. చీకటి గదిలో చిన్న యూవీ టార్చ్ వేసి చూడండి. కాగితం నీలంగా భగ్గుమంటే బ్రైటెనర్ ఉన్నట్టు, మందకొడిగా ఉంటే లేనట్టు.

ఎక్కడ పెడతారు? ఎండ తగిలే గోడా, నడవా, చదువుకునే బల్ల ఎదురుగానా? కవితను ఎంత దూరం నుంచి చదువుతారు? ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి చదవాలంటే 14 పాయింట్లు చాలదు, కనీసం 24 ఉండాలి. అంతకంటే చిన్నగా ఉంటే దగ్గరికి వెళ్ళి నిలబడే చోటే దానికి సరైనది.

## ఒక చూపులో

| పద్ధతి | చిన్న తెలుగు అక్షరం | కరిగే రంగులు | నిండు రంగు మైదానం | ముఖ్యంగా చూడాల్సింది |
|---|---|---|---|---|
| జిక్లే (పిగ్మెంట్ ఇంక్‌జెట్) | ఫైల్ బాగుంటే చాలా బాగు | చాలా బాగు | బాగు, కానీ గీత పడితే తెలుస్తుంది | అక్షరాలు వెక్టర్‌గా (పిక్సెళ్ళుగా కాక గీతల రూపంలో) వేశారా |
| స్క్రీన్ ప్రింట్ | సన్నని మెష్ (తెర అల్లిక) అయితే బాగు | కష్టం | అన్నిటికంటే బాగు | మెష్, రంగుల కూర్పు |
| లెటర్‌ప్రెస్ (ఎత్తైన అక్షరాలను ఒత్తే అచ్చు) | అన్నిటికంటే స్ఫుటం | కుదరదు | మచ్చలుగా వస్తుంది | విడి చుక్కలు, సున్నల లోపలి ఖాళీ |
| రాతి లిథో | దస్తూరీకి గొప్పది | బాగు | బాగు | ఆఫ్‌సెట్‌ను లిథో అంటున్నారా |
| ఎచింగ్ (ఆమ్లంతో గీతలు చెక్కిన లోహపు రేకు) | గీతల దస్తూరీకి బాగు | ఆక్వాటింట్‌తో (రేకు మీద నలుసులతో ఛాయలు తెచ్చే పద్ధతి) | ఓ మోస్తరు | రేకు అరుగుదల |
| రిసో (రిసోగ్రాఫ్ అనే స్టెన్సిల్ నకలు యంత్రం) | 16 పాయింట్ల పైన పర్వాలేదు | చుక్కలుగా | కాస్త మచ్చలు | సిరా అంటుకోవడం, వెలిసిపోవడం |

పట్టికతోనే నిర్ణయం తీసుకోకండి. ఒక్కోదానిలో చెడిపోయే తీరు వేరు. అసలు తేడా అక్కడే.

## జిక్లే

మాట గంభీరంగా ఉన్నా ఇది ఇంక్‌జెట్ ప్రింటే. ఇంక్‌జెట్ అంటే ఆఫీసు ప్రింటర్ గుర్తొస్తుందని, 1991లో జాక్ డుగాన్ అనే ప్రింట్‌మేకర్ ఫ్రెంచిలో "చిమ్మడం" అనే అర్థమున్న మాటను తీసుకుని ఈ పేరు పెట్టాడు. అప్పటి ఐరిస్ అనే ఇంక్‌జెట్ యంత్రాల్లో డై సిరాలు వాడేవారు, అవి కొన్నేళ్ళకే వెలిసిపోయేవి. ఇప్పుడు వాడే పిగ్మెంట్ సిరాలు చాలా మెరుగు. అయినా జిక్లే అనే మాట ఏ సిరా వాడారో, ఏ కాగితమో చెప్పదు. ఆ రెండూ విడిగా రాసి ఉండాలి. "ఆర్కైవల్ నాణ్యత" అని మాత్రమే రాసి ఊరుకుంటే అడగండి.

అక్షరం సంగతి. ప్రింటర్ 1440 లేదా 2880 డీపీఐలో (అంగుళానికి అన్ని చుక్కలుగా) చిమ్మగలదు, యంత్రంలో లోపం లేదు. తప్పు ఫైల్లో జరుగుతుంది. చిత్రాన్ని, కవితను కలిపి ఒకే ఫొటో ఫైల్‌గా 300 పీపీఐలో (అంగుళానికి 300 పిక్సెళ్ళు) పంపిస్తే ఒక్కో పిక్సెల్ 0.085 మిల్లీమీటర్లు. 0.2 మిల్లీమీటర్ల చుక్కకు రెండు పిక్సెళ్ళు కొంచెం పైన దక్కుతాయి. అప్పుడు చుక్క నల్లగా రాదు, బూడిద రంగు మసకలా వస్తుంది. చిత్రాన్ని 300 పీపీఐలో ఉంచి, కవితను వెక్టర్ అక్షరాలుగా పైన పెట్టి అచ్చు వేస్తే అదే చుక్క గట్టిగా నిలుస్తుంది. రెంటి ధరా ఒకటే, ఫలితంలో మాత్రం ఎంతో తేడా. పది రెట్లు చూపే లూప్‌తో, అంటే చిన్న భూతద్దంతో, అక్షరం అంచు చూడండి. చుట్టూ రంగురంగుల పొడి చల్లినట్టు ఉంటే నలుపును నాలుగైదు సిరాలు కలిపి చేశారన్నమాట. నల్ల సిరా ఒక్కటే వాడితే అంచు శుభ్రంగా ఉంటుంది.

కాగితం గరుకుదనం కూడా చూసుకోవాలి. జలవర్ణ కాగితంలా ఎత్తుపల్లాలున్నది చిత్రానికి అందం తెస్తుంది, వత్తులను మాత్రం విరగ్గొడుతుంది. చిన్న అక్షరాల కవిత ఉంటే నున్నటి నూలు కాగితం వైపు మొగ్గండి.

ఈ పద్ధతికి ఉన్న బలహీనత పైపొర. సిరా కాగితం మీది పూతలోనే ఆగుతుంది, లోపలికి దిగదు. ముదురు మైదానం మీద గోరు తగిలితే, ఇంకో షీట్ అంచు రాసుకుంటే తెల్లటి గీత పడుతుంది, దాన్ని మళ్ళీ సరిచేయలేం. ఇంకో లోపం కొన్న వారానికి గానీ బయటపడదు. నూలు కాగితం మీద సన్నని నూగు ఉంటుంది. అచ్చు వేసే ముందు మెత్తటి బ్రష్‌తో దాన్ని దులపకపోతే నూగు మీదే సిరా పడుతుంది, తరవాత నూగు రాలిపోయి నల్లటి చోట సూది మొనంత తెల్ల మచ్చలు తేలతాయి. ప్రింట్ చేతికొచ్చినప్పుడు నిండు రంగు ప్రాంతాన్ని పక్క వెలుతురులో చూస్తే ఇది తెలుస్తుంది.

రంగులు నీటిలో కరిగినట్టున్న చిత్రం, పెద్ద సైజు, అందుబాటు ధర కావాలంటే ఇదే దారి. సంఖ్యకు యంత్రపరమైన హద్దేమీ లేదు. 100 దగ్గర ఆపేది మాట మాత్రమే, కాబట్టి ఆ మాట ఇచ్చేదెవరో చూసుకోవాలి.

## స్క్రీన్ ప్రింట్

ఒక్కో రంగుకు ఒక్కో తెర. సిరాను స్క్వీజీతో (రబ్బరు పట్టీతో) లాగి కాగితం మీద పొరగా పరుస్తారు. చేత్తో ముట్టకుండానే కంటికి మందం తెలుస్తుంది. నిండు ఎరుపు, నిండు నలుపు ఇంత బరువుగా ఇంకే పద్ధతిలోనూ రావు. ముదురు రంగు కాగితం మీద తెల్లటి కవిత కావాలన్నా దాదాపు ఇదే గతి. మామూలు ఇంక్‌జెట్‌లో తెల్ల సిరా ఉండదు, లెటర్‌ప్రెస్ తెలుపులోంచి కాగితం రంగు తొంగిచూస్తుంది.

ఇక్కడ అక్షరం భవిష్యత్తును మెష్ నిర్ణయిస్తుంది. 43టి మెష్ అంటే సెంటీమీటరుకు 43 దారాలు, దారానికీ దారానికీ దూరం 0.23 మిల్లీమీటర్లు. మన చుక్క అంతకంటే చిన్నది. అది ఒక రంధ్రంలో పడితే సరి, దారం మీద పడితే అచ్చే కాదు. అందుకే ఇలాంటి చోట ఒకే మాట ఒక పాదంలో అర్థంగా, ఇంకో పాదంలో అర్ధంగా కనబడుతుంది. 120టి మెష్‌లో ఆ దూరం 0.083 మిల్లీమీటర్లు. చుక్కకు చోటు దొరుకుతుంది. మంచి స్టూడియోలు చిత్రానికి ఒక మెష్, కవితకు ఇంకా సన్నని మెష్ విడిగా వాడతాయి. "అక్షరాల తెర ఏ మెష్?" అని అడిగితే నిమిషంలో జవాబు రావాలి. 90టి లోపు చెబితే, అక్షరాలు 18 పాయింట్లకంటే చిన్నవైతే, కొనే ముందు దగ్గరి ఫొటో పంపమనండి.

రంగుల కూర్పు, అంటే రిజిస్ట్రేషన్, ఇంకో విషయం. నూలు కాగితం గాలిలోని తేమకు సాగుతుంది, కుంచించుకుంటుంది. మొదటి రంగు ఉదయం, అయిదో రంగు వాన పడ్డ సాయంత్రం వేస్తే అంచుల్లో అర మిల్లీమీటరు జరగొచ్చు. నైరూప్య చిత్రంలో రెండు మైదానాల మధ్య సన్నని తెల్ల సందు కనబడితే కొందరికి అదే అందం. నల్ల అక్షరాల కింద వేరే రంగు ఉంటే ఏ ఇబ్బందీ లేదు. రివర్స్ అక్షరాల్లో మాత్రం రెండు రంగులు కలిసి ఖాళీని చుట్టాలి, అక్కడ అర మిల్లీమీటరు జరిగితే వత్తు సగం మూసుకుపోతుంది. కాబట్టి రెండు మూడు రంగుల మీద రివర్స్ కవిత ఉన్న స్క్రీన్ ప్రింట్‌ను నమూనా చూడకుండా కొనకండి.

కరిగే రంగుల కోసం ఒకే తెర మీద రెండు సిరాలు పక్కపక్కన పోసి లాగడం ఉంది. లాగే కొద్దీ అవి కలుస్తాయి, ఏ రెండు కాపీలూ ఒకేలా రావు. అలాంటి ఎడిషన్‌లో, అంటే అలా వేసిన కాపీల జట్టులో, ఏ నంబరు కాపీ పంపుతున్నారో దాని ఫొటోనే అడగండి, నమూనా ఫొటో చాలదు.

## లెటర్‌ప్రెస్ అక్షరాలు, చిత్రం వేరే పద్ధతిలో

కవితకు ఇంతకు మించిన గౌరవం లేదని మా గట్టి అభిప్రాయం. ఎత్తైన అక్షరం కాగితంలోకి దిగి గుంట చేస్తుంది. పక్క నుంచి దీపం వేస్తే పాదం పాదమూ నీడతో లేస్తుంది. లూప్ కింద అక్షరం అంచు చుట్టూ కాస్త ముదురు గీత కనబడుతుంది, ఒత్తిడికి సిరా అంచుకు జరిగిన గుర్తు అది. ఇంక్‌జెట్ అక్షరం ఎంత శుభ్రంగా ఉన్నా ఆ గుర్తు ఉండదు.

నిండు రంగు మైదానాలకు ఇది పనికిరాదు. అరచేతికంటే పెద్ద మైదానం ఉప్పు చల్లినట్టు మచ్చలు మచ్చలుగా వస్తుంది. అందుకే చిత్రాన్ని స్క్రీన్‌లోనో జిక్లేలోనో వేసి, బాగా ఆరాక, కవితను చివర్లో లెటర్‌ప్రెస్‌లో ఒత్తుతారు. వరస తిరగేస్తే మీద వేసిన అచ్చు గుంటలను అణిచేస్తుంది.

ఈ జోడీ కొత్తదేమీ కాదు. 1913లో కవి బ్లేజ్ సెండ్రార్స్ కవితకు చిత్రకారిణి సోనియా డెలోనే నైరూప్య రంగులు అద్దినప్పుడు అక్షరాలు రకరకాల టైపుల్లో లెటర్‌ప్రెస్‌లో పడ్డాయి, రంగులు స్టెన్సిల్ పెట్టి చేత్తో దిద్దినవి. మడత విప్పితే 2 మీటర్ల పొడవు. అక్షరానికి తగిన పద్ధతి అక్షరానికి, రంగుకు తగినది రంగుకు.

ఇప్పుడు తెలుగుకు సాధారణంగా ఫొటోపాలిమర్ ప్లేట్ (వెలుతురు తగిలిన చోట గట్టిపడే ప్లాస్టిక్ ప్లేట్) వాడతారు. ఇక్కడే మన చుక్క ప్రమాదంలో పడుతుంది. ప్లేట్‌ను కడిగేటప్పుడు చుట్టూ ఆధారం లేని ఒంటరి చుక్క ఊడిపోతుంది. అనుభవమున్నవారు ప్లేట్ చేయించే ముందే థ చుక్కలను కాస్త లావు చేస్తారు, సన్నటి గీతల ఫాంట్‌ను పక్కన పెడతారు. రెండో ప్రమాదం దీనికి తలకిందులు. సిరా ఎక్కువైతే, ఒత్తిడి పెరిగితే సున్నల లోపలి ఖాళీ, ఘ, ఝ లాంటి అక్షరాల సందులు పూడిపోతాయి. కవిత మొదటి పాదమూ చివరి పాదమూ పోల్చి చూడండి. ఒకటి ముదురు, ఒకటి పేలవం అయితే ప్లేట్ సమంగా కూర్చోలేదు.

ఈ ప్రింట్‌ను చుట్టచుట్టి పంపనివ్వకండి. మందపాటి కాగితం, లోతైన అచ్చు. గొట్టంలో వస్తే గుంటల చోట కాగితం నలుగుతుంది. రెండు గట్టి అట్టల మధ్య చదునుగా రావాలి.

## రాతి లిథో, ఎచింగ్

ఈ రెండూ కవి దస్తూరీ కోసం చూసేవారివి. రాతి అచ్చు పుట్టిందే రచన కోసం. 1790ల చివర్లో ఆలోయిస్ సెనెఫెల్డర్ తన నాటకాలను చవకగా అచ్చు వేసుకునే దారి వెతుకుతూ దీన్ని కనిపెట్టాడు. రాయి మీద రాసింది కాగితం మీద తిరగబడి పడుతుంది, కాబట్టి కవి అద్దంలో చూసినట్టు ఎడమ కుడి మార్చి రాయాలి. 1957లో చిత్రకారుడు లారీ రివర్స్‌తో కలిసి రాళ్ళ మీద పనిచేయడం మొదలుపెట్టిన కవి ఫ్రాంక్ ఒహారా అలాగే వెనక్కి రాశాడు. తిరగరాయడం కుదరనివారికి ట్రాన్స్‌ఫర్ కాగితం ఉంది. దాని మీద మామూలుగా రాసి రాయి మీదికి దించుతారు. తెలుగులో తిరగరాత చాలా కష్టం, ఏత్వం ఓత్వాలు తారుమారవుతాయి. కొనే ముందు కవితను ఒకసారి అచ్చు పాఠంతో పోల్చి చదవండి.

"లిథోగ్రాఫ్" అనే మాటతో జరిగే మోసం ఒకటుంది. పుస్తకాలు, పోస్టర్లు అచ్చయ్యే ఆఫ్‌సెట్ కూడా సాంకేతికంగా లిథోనే. దాన్ని వేలల్లో వేసి, కింద సంతకం పెట్టించి లిథోగ్రాఫ్ అని అమ్మేవారున్నారు. లూప్ పెట్టి చూడండి. చిన్న చిన్న చుక్కలు పువ్వుల్లా వరసగా పేర్చినట్టుంటే అది ఆఫ్‌సెట్. రాతి అచ్చులో క్రమం లేని నలుసులు కనబడతాయి, పెన్సిల్‌తో గరుకు కాగితం మీద రుద్దినట్టు.

ఎచింగ్‌లో లోహపు రేకు అంచు కాగితం మీద గుంటగా పడుతుంది, సిరా గీత కాస్త ఉబ్బెత్తుగా ఉంటుంది. ఇక్కడ మాత్రమే నంబరుకు నిజమైన విలువ ఉండొచ్చు. డ్రైపాయింట్ (ఆమ్లం లేకుండా సూదితో నేరుగా రేకు మీద గీకేది) గీత పక్కన లేచే లోహపు నూగు పదీ ఇరవై అచ్చులకే అణిగిపోతుంది. రేకుకు ఉక్కు పూత వేస్తే ఆ బాధ తగ్గుతుంది. పూత వేయని డ్రైపాయింట్‌లో 3/15కూ (15 కాపీల్లో మూడోది) 15/15కూ తేడా కంటికి తెలుస్తుంది. మిగతా పద్ధతుల్లో చిన్న నంబరు కోసం ఎక్కువ ఇవ్వాల్సిన పనిలేదు. అచ్చు పడిన వరసలోనే నంబర్లు వేస్తారన్న హామీ కూడా లేదు.

## రిసో

చవక, ఉల్లాసం, ఎక్కువగా ఏ3 లోపు సైజు. సిరా పూర్తిగా ఆరదు, కాగితం పీల్చుకుంటుందంతే. వేలు రుద్దితే అంటుకుంటుంది. ఫ్లోరసెంట్ గులాబీ ఎండలో మొదట పోయేది. చిత్రం, కవిత ఒకే రంగు డ్రమ్ము మీద ఫొటో మోడ్‌లో వేస్తే అక్షరాల అంచులు చుక్కలుగా పగులుతాయి. లైన్ మోడ్‌లో విడిగా వేస్తే శుభ్రంగా వస్తాయి. కవితల సంచిక, బహుమతి, మొదటి ప్రింట్ కోసం బాగుంటుంది. ఇరవై ఏళ్ళు గోడ మీద ఉండాలనుకునేదానికి కాదు.

## కాపీల సంఖ్య చెప్పేది, చెప్పనిది

చిత్రం కింద ఎడమవైపు 12/50 లాంటి భిన్నం, మధ్యలో పేరు, కుడివైపు సంతకం. పెన్సిల్‌తోనే ఉండాలి. పెన్సిల్ కాగితంలోకి దిగుతుంది, చెరిపితే ఆనవాలు మిగులుతుంది, వెలిసిపోదు. రెండు చేతులు పనిచేసిన ప్రింట్ కాబట్టి చిత్రకారుడి సంతకంతో పాటు కవి సంతకం ఉంటే మంచిది. కవి బతికి ఉండీ సంతకం లేకపోతే, కవితను వాడుకోవడానికి అనుమతి ఉందా అని అడగడం మర్యాద తప్పినట్టు కాదు. అనువాద కవితైతే అనువాదకుల పేరూ ఉండాలి.

50 అని రాసి ఉన్నంత మాత్రాన లోకంలో 50 మాత్రమే ఉన్నాయని కాదు. ఎ.పి. అంటే కళాకారుడి ప్రూఫులు, సాధారణంగా ఎడిషన్‌లో పదో వంతు. పి.పి. ముద్రాపకుడివి. హెచ్.సి. అమ్మకానికి కానివని అర్థం, అయినా అవీ అమ్మకానికి వస్తాయి. అన్నీ కలిపి ఎన్నో సర్టిఫికెట్‌లో ఉండాలి. దీనికి తలకిందుల సంగతీ జరుగుతుంది. డెలోనే, సెండ్రార్స్ ముద్రణకు 150 కాపీలని ప్రకటించారు. 2 మీటర్లవి 150 నిలువుగా పేరిస్తే ఈఫిల్ టవర్ ఎత్తు అవుతుందని. అన్నీ తయారు కాలేదు. అడుగుతూ అడుగుతూ అచ్చు వేసే ఎడిషన్లలో ఇది మామూలే, తప్పు కాదు. ఇప్పటికి ఎన్ని అచ్చయ్యాయో మాత్రం తెలుసుకోండి.

ఇంకా అడగాల్సినవి: ఇదే చిత్రం ఇంకో సైజులో, ఇంకో కాగితం మీద, ఇంకో భాషలోని కవితతో వేరే ఎడిషన్‌గా వస్తుందా? మళ్ళీ అచ్చు వేయలేకుండా తెరలు, ప్లేట్లు రద్దు చేశారా? కాగితం పేరు, సిరా రకం, షీట్ కొలత, చిత్రం కొలత, అచ్చు వేసిన ఏడాది, ముద్రాపకుడి పేరు రాసి ఇస్తారా? ఈ చివరిదానికి తటపటాయిస్తే వదిలేయడం మేలు.

## ఎవరు ఏది తీసుకోవాలి

కవిత కోసం కొంటున్నవారు, చదివే మనుషులు: లెటర్‌ప్రెస్ అక్షరాలున్న జోడీ. సైజు తగ్గించుకోండి గానీ దీన్ని వదులుకోవద్దు. ఏ2 జిక్లే కంటే ఏ3 లెటర్‌ప్రెస్ ఎక్కువ కాలం తోడుంటుంది.

గదిలో దూరం నుంచి రంగు కొట్టొచ్చినట్టు కనబడాలి, కవిత పెద్ద అక్షరాల్లో నాలుగైదు పాదాలే: స్క్రీన్ ప్రింట్. ఇక్కడ చుక్కల బెంగ కూడా తీరుతుంది, 30 పాయింట్ల అక్షరాల్లో అన్నీ నిలుస్తాయి.

రంగులు మంచులా కరిగిపోయే చిత్రం నచ్చింది, కవిత పొడవైనది, ఖర్చు మితంగా ఉండాలి: నున్నటి నూలు కాగితం మీద జిక్లే, అక్షరాలు వెక్టర్‌గా. ఎండ పడే గోడ తప్ప ఇంకో చోటు లేనివారు ఏ పద్ధతి తీసుకున్నా యూవీ ఆపే గాజు ఖర్చు కలుపుకోవాలి. రిసో, డై సిరా జిక్లే జోలికి మాత్రం పోవద్దు.

కవి చేతిరాత కావాలి, సేకరణ అలవాటు ఉంది: రాతి లిథో, లేదా ఎచింగ్‌లో మొదటి నంబర్లు. ధర ఎక్కువ, దొరకడం తక్కువ. అయినా మిగతావన్నీ చేతిరాతకు నకలు, రాయి మీద ఉన్నది కవి చెయ్యే.

కవికి, చిత్రకారుడికి డబ్బు అందాలన్న ఉద్దేశంతో కొంటున్నవారు ఒకటి గమనించాలి. 20 రంగుల స్క్రీన్ ప్రింట్ ధరలో ఎక్కువ భాగం అచ్చు పనికే పోతుంది. సాదా జిక్లేలో వాళ్ళకు మిగిలేది ఎక్కువ కావచ్చు. ఆదాయం ఎలా పంచుకుంటారని అడిగితే చాలామంది దాపరికం లేకుండా చెబుతారు.

## చేతికొచ్చాక

ప్యాకెట్ విప్పే ముందు చేతులు కడిగి బాగా ఆరబెట్టుకోండి. షీట్‌ను ఎదురెదురు మూలల్లో రెండు చేతులతో ఎత్తాలి. ఒక చేత్తో అంచు పట్టి లేపితే వేలి దగ్గర అర్ధచంద్రాకారపు నొక్కు పడుతుంది, అది ఎప్పటికీ పోదు. ముందే పడి ఉందేమో చూడటానికి దీపాన్ని కాగితం పక్కన, దాదాపు సమానమైన ఎత్తులో పెట్టి వెలిగించండి. నొక్కులు, గీతలు, రాలిన నూగు అన్నీ నీడలతో బయటపడతాయి. లోపం కనబడితే ఆ వెలుతురులోనే ఫొటో తీసి, అదే రోజు అమ్మినవారికి పంపండి.

గొట్టంలో వచ్చినదాన్ని ఎదురు దిశలో చుట్టకండి, పూత పగులుతుంది. శుభ్రమైన కాగితాల మధ్య పరిచి, పైన బరువు సమంగా పడేలా చదునైన అట్ట పెట్టి రెండు రోజులు వదిలేస్తే చాలు.

ఫ్రేమ్ కట్టేవారికి నాలుగు మాటలు చెప్పాలి. అంచులు కత్తిరించొద్దు, నంబరు, సంతకం కిటికీ అట్ట (చిత్రం కనబడేలా మధ్యలో కత్తిరించిన అట్ట) లోపల కనబడాలి. అట్టలన్నీ ఆమ్లం లేనివి కావాలి, లేకపోతే కొన్నేళ్ళకు కిటికీ అంచు వెంబడి గోధుమ రంగు గీత కాలినట్టు పడుతుంది. షీట్‌ను వెనక అట్టకు మొత్తంగా అతికించొద్దు, సెల్లోటేప్ అసలే వద్దు. పై అంచున రెండు చోట్ల జపనీస్ కాగితపు కీళ్ళు, గోధుమ పిండి జిగురు. షీట్ అక్కణ్ణుంచి వేలాడాలి, తేమకు సాగడానికి దానికి చోటుండాలి. గాజు కాగితానికి తగలకూడదు. లెటర్‌ప్రెస్‌కు రెండు కిటికీ అట్టలు వేయిస్తే గుంటల నీడకు కూడా చోటు దొరుకుతుంది.

మ్యూజియాలు కాగితం మీది పనులకు 50 లక్స్ వెలుతురు చాలంటాయి. ఇంట్లో అంత తక్కువలో కవిత చదవలేం, కాబట్టి ఆ దీపాన్ని చదివేటప్పుడే వేసుకునేలా స్విచ్ విడిగా పెట్టించండి. లెటర్‌ప్రెస్ అయితే ఆ దీపం ఎదురుగా కాకుండా ఎడమ పక్కన పైన ఉండాలి.